దాచిన పుస్తకం, చేరిన పుస్తకం: ‘ద పారిస్ లైబ్రరీ’ నవల – తెలంగాణ గ్రంథాలయోద్యమ నేపథ్యంలో పరిశీలన

యుద్ధకాలంలో పుస్తకాన్ని కాపాడినవారి కథ ఇరవయ్యొకటో శతాబ్దపు చారిత్రక నవలలో ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడింది. మార్కస్ జూసాక్ ‘ద బుక్ థీఫ్’ (2005), జెరాల్డిన్ బ్రూక్స్ ‘పీపుల్ ఆఫ్ ద బుక్’ (2008), ఆంటోనియో ఇతుర్బె స్పానిష్‌లో రాసిన ఆష్విట్జ్ గ్రంథపాలకురాలి కథ (2012), జానెట్ స్కెస్లియన్ చార్ల్స్ ‘ద పారిస్ లైబ్రరీ’ (2021) ఈ కోవలోవి. నాలుగింటిలోనూ శత్రువు నాజీ రాజ్యమే. (బ్రూక్స్ నవల అక్కడి నుంచి వెనుకటి శతాబ్దాలకూ, ముందుకు 1990ల సరాయెవో యుద్ధానికీ సాగుతుంది.) నాలుగూ పాఠకుల విశేషాదరణ పొందాయి. వీటి వెనుక ఒక సమాన విశ్వాసం ఉన్నది: పుస్తకం మిగిలితే నాగరికత మిగిలినట్లే. ఈ విశ్వాసాన్ని విమర్శకులు సాధారణంగా ప్రశ్నించరు. పుస్తకప్రియులైన పాఠకులకు అది సహజంగానే ప్రీతిపాత్రం. విమర్శకులు కూడా పుస్తకప్రియులే కదా.

ఆ విశ్వాసం ఎంతవరకు నిలుస్తుందో ‘ద పారిస్ లైబ్రరీ’ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పరిశీలనకు గీటురాయి తెలంగాణ గ్రంథాలయోద్యమం. ఒక అధికారవ్యవస్థ నీడలో, తన భాషలో పుస్తకం చదువుకొనే హక్కు కోసం ఒక సమాజం దాదాపు అర్ధ శతాబ్దం పెనుగులాడిన అనుభవం తెలుగువారికి ఉన్నది. ఆ అనుభవంతో చూసినప్పుడు పారిస్ నవల బలం ఒకచోట, దాని ఖ్యాతి మరొకచోట ఉన్నట్లు తెలుస్తుంది.

నవలకు ఆధారమైన చరిత్ర

పారిస్‌లోని అమెరికన్ గ్రంథాలయం 1920లో ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల కోసం అమెరికన్ గ్రంథాలయాలు పంపిన పుస్తకాలే దాని తొలి నిధి. అంటే పుట్టుకతోనే అది పాఠకుని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చిన పుస్తకాల ఇల్లు. రెండో యుద్ధం మొదలైనప్పుడు డైరెక్టరు డొరతీ రీడర్. యుద్ధరంగంలో ఉన్న సైనికులకు పుస్తకాలు పంపే ఏర్పాటు ఆమె చేపట్టినదే. 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌లో ప్రవేశించిన తరువాత యూదులకు గ్రంథాలయ ప్రవేశం నిషిద్ధమైంది. అప్పుడు సిబ్బంది ఆ చందాదారుల ఇళ్లకే పుస్తకాలు మోసుకొనిపోయారు. 1941లో రీడర్ స్వదేశానికి వెళ్లిపోగా క్లారా ద షాంబ్రన్ బాధ్యత స్వీకరించింది. గ్రంథపాలకుడు బోరిస్ నెచాయెఫ్ గెస్టపో తూటాకు గాయపడి ప్రాణాలతో బయటపడ్డాడు.

చార్ల్స్ ఈ గ్రంథాలయంలో స్వయంగా పనిచేసిన రచయిత్రి. ఆమె రీడర్, షాంబ్రన్, నెచాయెఫ్‌లను అసలు పేర్లతోనే కథలో నిలిపి, వారి మధ్యకు ఓదీల్ సూషె అనే కల్పితపాత్రను పంపింది. 1939లో ఉద్యోగంలో చేరిన ఈ యువతి తండ్రి పోలీసు అధికారి. కవల సోదరుడు రెమీ సైన్యంలో చేరి జర్మన్ల చేతికి చిక్కుతాడు. ప్రియుడు పాల్ కూడా పోలీసే. కథ రెండు కాలాల్లో నడుస్తుంది. యుద్ధకాలపు పారిస్ ఒకటి. 1983లో అమెరికాలోని మాంటానా రాష్ట్రపు చిన్న ఊరు ఫ్రాయిడ్ మరొకటి. అక్కడ వృద్ధురాలైన ఓదీల్ పక్కింటి అమ్మాయి లిలీతో మాటలు కలుపుతుంది. మాంటానా భాగాలు మృదువుగానే ఉన్నా, కౌమార కథల పరిచిత మార్గాన్ని దాటి ఎక్కువ దూరం పోవు. వాటి ప్రయోజనం ఒక్కటే: ఓదీల్ దాచుకొన్న తప్పు బయటపడటానికి ఒక శ్రోత కావాలి. నవల నిజంగా జీవించేది పారిస్‌లో.

అందులోనూ అన్నిటికంటె సజీవమైన ఘట్టాలు పుస్తకాల సంచితో గుమ్మాలెక్కే ఘట్టాలు. ప్రొఫెసర్ కోహెన్ అనే యూదు విదుషికి ఓదీల్ పుస్తకాలు చేరవేస్తుంది. ఈ సన్నివేశాలలో పుస్తకం పవిత్ర వస్తువుగా కనిపించదు. అది ఒక మనిషి మరొక మనిషి తలుపు తట్టడానికి దొరికిన కారణం. బయటి లోకం ఎవరిని లెక్కలోంచి కొట్టివేసిందో, ఆమె పేరు చందాదారుల పట్టీలో ఇంకా ఉన్నదని చెప్పే ఆధారం. ఓదీల్ ప్రతి అనుభవాన్నీ డ్యూయీ దశాంశ వర్గీకరణ సంఖ్యలతో గుర్తుపెట్టుకొనే అలవాటు మొదట చమత్కారంగా తోస్తుంది. పోనుపోను రచయిత్రి దానిని కొంత అతిగా వాడినదనిపిస్తుంది. ప్రపంచాన్ని బీరువాలో అమర్చుకోగలననే ఆ భరోసా గుమ్మాల దగ్గర మాత్రం పనిచేయదు. తలుపు తెరిచే మనిషికి సంఖ్య లేదు.

కాపాడేవారు ఎవరు?

ఇక్కడే ఈ శాఖ నవలలకు ఎదురయ్యే క్లిష్టమైన ప్రశ్న ఉన్నది. నాజీలు పుస్తకాలు కాల్చారన్నది జగద్విదితం. 1933 మే నెలలో జర్మన్ నగరాల్లో మండిన మంటలు ఆ రాజ్యానికి శాశ్వత చిహ్నమయ్యాయి. జూసాక్ నవలలో లీజెల్ కూడా హిట్లర్ పుట్టినరోజున పేర్చిన మంటనుంచే ఒక పుస్తకం లాక్కొంటుంది. అయితే ఆక్రమిత దేశాలలో నాజీలు పుస్తకాలను కాల్చిన దానికంటె ఎక్కువ శ్రద్ధగా ‘సేకరించారు’. రోసెన్‌బర్గ్ పేరిట ఏర్పడిన దళం పారిస్‌లోని రష్యన్ల తుర్గెనేవ్ గ్రంథాలయాన్ని 1940లో మొత్తంగా తరలించింది. పోలిష్ గ్రంథాలయమూ, ‘అలయాన్స్ ఇజ్రాయెలిత్’ సంస్థ గ్రంథాలయమూ అదే దారి పట్టాయి. యూదుల గ్రంథాలతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ‘పరిశోధన సంస్థ’నే నెలకొల్పారు. ఆ బీరువాలలో పుస్తకాలకు తేమ తగలలేదు, చెద పట్టలేదు. వాటిని చదువుకొన్నవారిని మాత్రం తూర్పు దిక్కుకు రైళ్లలో పంపించారు.

ఆక్రమిత ఫ్రాన్స్‌లో గ్రంథాలయాల పర్యవేక్షణకు నియమించిన జర్మన్ విభాగం పేరును తెలుగులోకి తెచ్చుకొంటే ‘గ్రంథాలయ రక్షణ’ అవుతుంది. దాని అధికారి హెర్మన్ ఫూక్స్ వృత్తిరీత్యా గ్రంథపాలకుడు. యుద్ధానికి ముందు అంతర్జాతీయ సమావేశాల్లో రీడర్‌కు పరిచయమైనవాడు. అమెరికన్ గ్రంథాలయం మూతపడకపోవడానికి ఈ పరిచయం ఒక కారణం. క్లారా ద షాంబ్రన్ కుమారుడు విషీ ప్రభుత్వాధినేత పియెర్ లవాల్‌కు అల్లుడు కావడం మరొక కారణం. ఈ రెండో సంగతి చరిత్రలో చిన్నది కాదు. గ్రంథాలయం తెరచి ఉన్నదంటే అది పుస్తకప్రేమ విజయమని చదువరి సంతోషించే లోపలే, ఎవరి బంధుత్వం ఏ తలుపును తెరచి ఉంచిందన్న ప్రశ్న పక్కన వచ్చి నిలుస్తుంది. ‘ద పారిస్ లైబ్రరీ’ కథ ఎక్కువగా తన గోడల మధ్యనే తిరగడంవల్ల ఈ ప్రశ్న నవలలో అంచున మిగిలిపోయింది. ఫూక్స్ మర్యాద కథకు ఉత్కంఠనూ, కొంత మానవీయతనూ సమకూర్చింది. రక్షణ అనే మాటను ఆక్రమణదారుడు ఎంత నిజాయితీగా ఉచ్చరించగలడో చూపడానికి ఇంతకంటె అనువైన పాత్ర దొరకదు. రచయిత్రి ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోలేదు.

ఇతుర్బె ఈ చిక్కును వేరే మార్గాన దాటాడు. ఆష్విట్జ్‌లోని 31వ బ్లాకులో డిటా అనే బాలిక అధీనంలో ఉన్నవి వేళ్లమీద లెక్కించదగిన పాత పుస్తకాలు. ఒక అట్లాసు, వెల్స్ రాసిన ప్రపంచచరిత్ర, ఒక రేఖాగణితం వంటివి. వాటితోపాటు అక్కడ కథలు నోటితో చెప్పే ఉపాధ్యాయులు ‘సజీవ పుస్తకాలు’గా చలామణి అవుతారు. ఏ పూట ఎవరిని ఏ పిల్లల గుంపుకు పంపాలో ఏర్పాటు కూడా ఉంటుంది. చిరిగిన అట్లాసుకూ, కథ చెప్పే మనిషికీ అక్కడ భేదం లేదు. పుస్తకం అంటే ఒకరినుంచి మరొకరికి చేరే క్రియ అని ఆ నవల గుర్తించినంత స్పష్టంగా తక్కినవి గుర్తించలేదు.

నాశనం చేసిన కాగితాలు

అయినా ‘ద పారిస్ లైబ్రరీ’ని ఈ కోవలో ప్రత్యేకంగా నిలిపే అంశం ఒకటున్నది. ఓదీల్ ఒకనాడు తండ్రి కార్యాలయంలో ఆకాశరామన్న ఉత్తరాల గుట్ట చూస్తుంది. ఫ్రెంచివారు వాటిని కాకి ఉత్తరాలంటారు. ఫలానా ఇంట్లో యూదులున్నారని, ఫలానావాడు ఆంగ్ల రేడియో వింటున్నాడని ఇరుగుపొరుగువారు పోలీసులకు రాసినవి. రాసినవారు అక్షరాస్యులు, కొందరి దస్తూరీ, వాక్యనిర్మాణం ముచ్చటగొలిపేంత తీరుగా ఉండి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. ఓదీల్ ఆ ఉత్తరాలను దొంగిలించి నాశనం చేస్తుంది.

నవల మొత్తంలో మనుషులను ప్రత్యక్షంగా కాపాడిన పని ఇదే. అది రాతను నిర్మూలించిన పని కావడం గమనార్హం. కాగితాన్ని భద్రపరచడం వృత్తిగా గల వ్యక్తి ఇక్కడ కాగితాన్ని చంపి పాఠకుని బతికిస్తుంది. రచయిత్రి ఈ వైపరీత్యాన్ని వ్యాఖ్యానించకుండా వదిలివేయడం ఆమె సంయమనానికి గుర్తు. రాత తనంతట తాను పవిత్రం కాదని, అది ఎవరి గుమ్మానికి, ఎందుకోసం చేరుతున్నదన్నదే అసలు విషయమని ఈ ఘట్టం నిశ్శబ్దంగా తేల్చివేస్తుంది. పుస్తకప్రేమ నవలలు సాధారణంగా తప్పించుకొనే సత్యమిది.

దీని కొనసాగింపు మరింత కఠినం. గ్రంథాలయంలో ఓదీల్‌కు ఆప్తురాలైన మార్గరెట్ బ్రిటిష్ దౌత్యవేత్త భార్య. ఆమెకు ఒక జర్మన్ అధికారితో సంబంధం ఏర్పడుతుంది. కోపంలో, అసూయలో ఓదీల్ ఆ రహస్యాన్ని పాల్ చెవిన వేస్తుంది. పాల్, అతని సహచరులు మార్గరెట్‌ను పట్టుకొని కొట్టి తల గొరిగిస్తారు. ఆకాశరామన్న ఉత్తరాలను నాశనం చేసిన మనిషే తన నోటితో అటువంటి ఉత్తరం పలికినదన్నమాట. ఓదీల్ పారిస్ వదిలి ఒక అమెరికన్ సైనికుని పెళ్లాడి మాంటానా చేరడానికి ఈ అపరాధమే కారణం. పుస్తకాలు మోసిన చేతులు ద్రోహానికి అతీతం కావన్న ఈ నిర్ణయం నవలకు నైతిక గౌరవాన్ని ఇచ్చింది. చదువు మనిషిని మంచివాణ్ని చేస్తుందన్న సూత్రం మీద నడిచే శాఖలో ఇది సాహసమే. ముగింపులో క్షమ కొంత తేలికగా లభించినట్లున్నది. అది వేరే చర్చ.

తెలంగాణ గీటురాయి

ఈ పరిశీలనకు తెలంగాణను గీటురాయిగా తీసుకొనేటప్పుడు ఒక హెచ్చరిక అవసరం. అసఫ్‌జాహీ పాలనను నాజీ ఆక్రమణతో సమీకరించడం చరిత్రకు అన్యాయం. అది రెండు శతాబ్దాలకు పైగా ఇక్కడ పాతుకొన్న రాజవంశపు పాలన. పైగా ఆ రాజ్యం పుస్తకద్వేషి కాదు. అరబ్బీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి ముద్రించిన దాయిరతుల్ మఆరిఫ్ 1888లో, ఆసఫియా గ్రంథాలయం 1891లో వెలిశాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూ పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి 1917లో అనువాదశాఖ దారుల్ తర్జుమా ఏర్పడింది. దేశభాషలో ఉన్నతవిద్య బోధించవచ్చని నిరూపించిన గొప్ప ప్రయోగమది. ఆ దేశభాష జనాభాలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగు కాకపోవడమే చిక్కు. పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా కాపాడిన రాజ్యంలోనే తెలుగు పుస్తకం గడపలు వెతుక్కోవలసి వచ్చింది. ఫూక్స్‌కూ ఆసఫియాకూ పోలిక లేదు. పుస్తక సంరక్షణ, పాఠకుని నిరాకరణ ఒకే చూరు కింద కాపురం చేయగలవన్న అంశం వరకే ఈ రెండు చరిత్రలూ ఒకదానినొకటి వెలిగిస్తాయి.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని వెన్నుదన్ను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. 1906లో విజ్ఞానచంద్రికా మండలి. 1921లో నగరంలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే శ్రోతలు గేలిచేశారు. ఆ అవమానంనుంచి పుట్టిన ఆంధ్రజనసంఘం తన ఆశయాలలో గ్రంథాలయ, పఠనాలయ స్థాపనను ముందువరుసలో పెట్టుకొన్నది. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ ఈ కాలానికి ప్రధానాధారం. ఆ గ్రంథం చదువుతుంటే దరఖాస్తులు, అనుమతులు, తిరస్కారాలు, మళ్లీ దరఖాస్తులు ఎదురవుతాయి. ఉద్యమ చరిత్ర కావలసినది కచేరీ చరిత్రగా మారినట్లుంటుంది. 53వ నంబరు గస్తీ సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన తరువాత గ్రంథాలయ వార్షికోత్సవమే ఊరిలో నలుగురు కూడి నాలుగు మాటలు చెప్పుకొనే సందర్భమైంది. పుస్తకాల గది రాజకీయ వేదిక కావడానికి ఎవరి వ్యూహమూ అక్కరలేకపోయింది. తక్కిన తలుపులు మూసుకొనడమే చాలింది.

ఈ ఉద్యమంలో దాచడం కూడా ఉన్నది. ఆంధ్రజనసంఘం తాళపత్రాలు, శాసనాలు సేకరించింది. లక్ష్మణరాయ పరిశోధకమండలి పక్షాన ఆదిరాజు వీరభద్రరావు వంటివారు ఊరూరా తిరిగి చేసిన శ్రమ ఫలితం 1935 నాటి ‘తెలంగాణా శాసనములు’. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో సమాధానం చెప్పి 350కి పైగా కవులను ఒకచోట చేర్చాడు. ఇవి నిస్సందేహంగా రక్షణకార్యాలు. అయితే వీటిలో దేనినీ బీరువాలో పెట్టి తాళం వేయలేదు. శాసనపాఠం అచ్చయింది, కవుల సంచిక చందాదారుల చేతికి వెళ్లింది. రక్షణకు రూపం ముద్రణ, ముద్రణకు గమ్యం గడప.

ఈ గమ్యాన్ని తన శరీరంతో నడిచి చూపినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). వంటపని చేసి, హోటల్లో సర్వరుగా ఉండి, ప్రూఫులు దిద్ది బతికిన ఈయన 1938లో సికింద్రాబాదు కేంద్రంగా దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు. ఆ ఏటనే కన్నుమూసిన కాశీనాథుని నాగేశ్వరరావు బిరుదే దాని పేరు. అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకొని వీధి వీధికీ, ఊరూరికీ తిరిగి అమ్మినవాడు. ఇంచుమించు అదే కాలంలో కె.సి. గుప్త నడిపిన ఆణా గ్రంథమాల పుస్తకం వెలను ఒక అణాకు దించింది. పారిస్ నవలలో ఓదీల్ సంచి ఎత్తుకొన్నది ప్రవేశం నిషేధించిన చందాదారుల కోసం. ఆళ్వారుస్వామి సంచి ఎత్తుకొన్నది ఇంకా చందాదారులే కానివారి కోసం. మొదటిది పాఠకుని నిలబెట్టుకొనే నడక, రెండోది పాఠకుని పుట్టించే నడక. ఈ రెండో నడక పారిస్ నవల ఊహకు అందనిది. అందవలసిన అవసరమూ ఆ కథకు లేదు. అక్కడ పాఠకులు ముందే ఉన్నారు.

తెలుగు నవల ఏమి చేసింది?

పుస్తకాలు మోసిన ఆళ్వారుస్వామే తెలంగాణ తొలి రాజకీయ నవలగా పేరొందిన ‘ప్రజల మనిషి’ రచయిత కావడం సాహిత్యచరిత్రలో అరుదైన సంయోగం. నిజామాబాదు ప్రాంతపు పల్లె దిమ్మెగూడెం, దొర రామభూపాలరావు, అతనికి ఎదురు నిలిచిన కంఠీరవం. వెట్టి, భూమి, మతమార్పిడులు, ఆంధ్రమహాసభ ప్రవేశం ఆ నవలకు వస్తువు. తరువాతి ఘట్టాన్ని చెప్పే ‘గంగు’ ఆయన మరణానంతరం 1965లో వెలువడింది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఆ చరిత్రను మరింత విస్తృతంగా చిత్రించాయి. వీటి కేంద్రంలో గడీ, వెట్టి, గుతప ఉన్నాయి. అది సముచితం, తెలంగాణ గ్రామానికి అప్పటి ప్రథమ ప్రశ్న ఆకలి, అవమానం. గ్రంథాలయం ఈ కథాప్రపంచానికి నేపథ్యమైంది, చైతన్యానికి ఆధారమైంది. కథానాయకత్వం మాత్రం దానికి దక్కలేదు. పుస్తకాలమూటతో వచ్చే మనిషిని తన నవలకు నాయకుణ్ని చేసుకొనే హక్కు అందరికంటె ఎక్కువ ఉన్న రచయిత, ఆ పని చేయలేదు. తన పనిని వీరగాథగా చూసుకొనే అలవాటు ఆ తరానికి లేకపోవడం ఒక కారణమై ఉంటుంది. మూటలోని వస్తువు ముఖ్యమనుకొన్నవాడు మూటను గురించి రాయడు.

పాశ్చాత్య నవలతో పోల్చి ఇది లోపమని తీర్మానించడం తొందరపాటు. పుస్తకం కథావస్తువు కావాలంటే దాని చుట్టూ కొంత దూరం, కొంత నష్టస్మృతి ఏర్పడాలి. ఆళ్వారుస్వామి తరానికి పుస్తకం పనిముట్టు. నాగలిని గురించి రైతు గజ్జెకట్టి ఆడడు. పైగా తెలుగు నవల తానే నిషేధం రుచి చూసింది. ఉన్నవ లక్ష్మీనారాయణ చెరసాలలో రాసిన ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, కొన్ని భాగాల తొలగింపుతో అనుమతించింది, 1936లో మళ్లీ నిషేధించింది, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే ఆ నవలకు విముక్తి. తెలంగాణ పోరాటాన్ని ఆంధ్రప్రాంతపు ప్రేక్షకుల ముందు నిలిపిన ‘మా భూమి’ నాటకమూ, ఆవంత్స సోమసుందర్ ‘వజ్రాయుధం’ కావ్యమూ నిషేధానికి గురైనవే. ఈ రెండింటినీ నిషేధించినది నిజాం కాదన్న సంగతి, విముక్తి అనే మాటను సులభంగా వాడే విమర్శకులు గుర్తుంచుకోవలసినది. నిజామాబాదు జైలులో ఆళ్వారుస్వామితో కలిసి ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడమీద బొగ్గుతో పద్యాలు రాశాడు. తరువాత ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు. కాగితం దొరకనిచోట గోడ, గోడ తుడిచేచోట జ్ఞాపకం. ఇతుర్బె చెప్పిన సజీవ పుస్తకాలు ఆష్విట్జ్‌కు మాత్రమే పరిమితం కావు.

పాఠకులు లేని బీరువా

పారిస్ నవల శాఖకు చెందిన కథలన్నీ విముక్తితో ముగుస్తాయి. సైన్యం వస్తుంది, పుస్తకాలు వెలుగులోకి వస్తాయి. హైదరాబాదులో ఈ ముగింపు అంత సరళంగా జరగలేదు. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనికచర్య 17న ముగిసింది. కొద్దికాలంలోనే ఉస్మానియాలో బోధనామాధ్యమం ఉర్దూనుంచి ఇంగ్లీషుకు మారింది. తెలుగు పాఠకునికి దారి తెరుచుకొన్నది. ప్రాథమిక, మాధ్యమిక విద్యలో అతని భాషకు చోటు దొరికింది. అదే మలుపులో మూడు దశాబ్దాల పాటు దారుల్ తర్జుమా తయారుచేసిన భౌతికశాస్త్ర, వైద్య, న్యాయ, చరిత్ర గ్రంథాలు పాఠ్యప్రణాళికనుంచి జారిపోయాయి. వాటి వయసు తీరలేదు. వాటి తరగతి గది పోయింది. మంట అక్కరలేదు, నిషేధం అక్కరలేదు. పరీక్ష రాసేవాడు లేకపోతే చాలు, పుస్తకం మూగబోతుంది. ఒక భాషకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే ప్రక్రియ మరొక భాష పుస్తకాన్ని పాఠకులు లేని బీరువాలోకి నెట్టింది. దీనిని తెలంగాణ గ్రంథాలయోద్యమపు ఓటమిగా చెప్పడం తప్పు, ఉద్యమం కోరినది అది కాదు. దీనిని చూడకుండా ఆ ఉద్యమ చరిత్రను పూర్తిచేయడమూ తప్పే.

చార్ల్స్ నవలలో ఓదీల్ ద్రోహం ఏ స్థానంలో ఉన్నదో, హైదరాబాదు చారిత్రక నవలలో ఈ ఘట్టం ఆ స్థానంలో ఉండదగినది. తన పక్షం గెలిచిన రోజున తన పక్షం చేత జరిగినదాన్ని చెప్పగలిగినప్పుడే పుస్తకరక్షణ నవల ఆత్మస్తుతినుంచి బయటపడుతుంది. చార్ల్స్ ఆ పని వ్యక్తి స్థాయిలో చేయగలిగింది. ఫ్రాన్స్ తనవారినే అప్పగించిన చరిత్రను, ఒక స్నేహితురాలి గొరిగిన తలలో ఇమిడ్చింది. సమాజం స్థాయిలో అది ఎలా ఉంటుందో రాయడానికి తెలుగు రచయితకు ముడిసరుకు దగ్గరలోనే ఉన్నది.

ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారం ఉన్నది. అక్కడినుంచి ఒకవైపు నాచారం, ఉప్పల్, మరొకవైపు మల్కాజిగిరి, సికింద్రాబాదు. దక్కనులో మొఘలు పాలన నాటి కాగితాలు మొదలు నిజాం ప్రభుత్వ దస్తావేజుల వరకు ఆ ఒక్క కప్పు కింద భద్రంగా ఉన్నాయి. పాలకుని కాగితం సహజంగా మిగులుతుంది. దానికి గుమాస్తా ఉంటాడు, బస్తా ఉంటుంది, బీరువా ఉంటుంది. పల్లె గ్రంథాలయపు జారీపుస్తకానికి ఇవేవీ ఉండవు. ఏ ఊరిలో ఎవరు ఏ పుస్తకం తీసుకొనిపోయి ఎన్నాళ్లకు తెచ్చి ఇచ్చారో తెలిపే ఆ పుటలే తెలంగాణ పఠనచరిత్రకు ప్రథమాధారాలు కావలసినవి. పారిస్ రచయిత్రికి రీడర్ పంపిన నివేదికలు, సంస్థ దాచుకొన్న రికార్డులు అందుబాటులో ఉన్నాయి. సికింద్రాబాదు వీధుల్లో ఆళ్వారుస్వామి మూట విప్పిన గడపలకు జాబితా లేదు. అనుమతి కోరిన దరఖాస్తులు, వాటిపై అధికారుల ఉత్తరువులు, మాడపాటివంటి కార్యకర్తల స్మృతులు, గోలకొండ పత్రిక సంచికలు, దేశోద్ధారక గ్రంథమాల ప్రచురణల అట్టవెనుక ప్రకటనలు – వీటినుంచే ఆ జాబితాను పరిశోధకులు తిరిగి కట్టుకోవాలి. తెలుగు నవలాకారుడు కల్పనతో పూరించవలసిన ఖాళీ ఆ తరువాతనే మొదలవుతుంది. అందులో ఉర్దూ పుస్తకాల అటక కూడా ఒక గదిగా ఉండాలి.